లోయర్ పరేల్ ‘అప్పర్’ ఎలా అయింది?

పాత మిల్లు గోడను కూల్చకుండా, ఇనుప దూలాలను దాచకుండా, ఎర్ర ఇటుకకు సున్నం పూయకుండా అలాగే ఉంచి, ఎత్తయిన పైకప్పు కింద నివాసం ఏర్పరచుకోవడం ఇవాళ నగర సంపన్నుల అభిరుచికి గీటురాయి. అటువంటి ఇంటికి ‘లాఫ్ట్’ అని పేరు. లాఫ్ట్‌లు, స్టూడియోలు, చిత్రశాలలు, కాఫీ దుకాణాలు ఒకచోట గుమిగూడితే ఆ పేటను ‘సృజనాత్మక వాడ’ అంటున్నారు. గోడకు వయసు మీదపడినకొద్దీ ఆ ఇంటి ధర పెరుగుతుంది. ఆ గోడల మధ్య జీవితకాలం పనిచేసిన మనిషికి వయసు మీదపడితే ఏం దక్కుతుందన్నది మాత్రం ఏ ప్రకటనలోనూ ఉండదు. ఈ ప్రశ్నను వర్గం వైపు నుంచి అడిగినవారు చాలామంది ఉన్నారు. ముంబయి మిల్లుల నేల మీద నిలబడి కులం వైపు నుంచి కూడా అడగాలన్నది నా ఉద్దేశం. ఆ నేలతో మన తెలుగువాళ్లకు రెండు రకాల సంబంధం ఉంది. ఆ రెంటిలో ఒకటి గర్వించదగింది కాదు.

ఈ అభిరుచికి పుట్టిల్లు న్యూయార్క్‌లోని సోహో. 1963లో ఆ నగర ప్రణాళికా యంత్రాంగం కోసం చెస్టర్ రాప్కిన్ అనే నిపుణుడు ఆ ప్రాంతాన్ని పరిశీలించి నివేదిక ఇచ్చాడు. బయటికి శిథిలంగా కనిపించే ఆ భవనాల్లో వందలాది చిన్న పరిశ్రమలు నడుస్తున్నాయనీ, వాటి మీద బతికేవారిలో నల్లజాతీయులు, ప్యూర్టోరికన్లు పెద్దసంఖ్యలో ఉన్నారనీ, వాటిని తొలగిస్తే వారికి మరోచోట పని దొరకడం కష్టమనీ అందులో తేల్చాడు. పరిశ్రమలు నిలవలేదు. ఖాళీ అయిన అంతస్తుల్లోకి చిత్రకారులు, శిల్పులు చేరారు. 1971లో నగరం నిబంధనలు సవరించి వారి నివాసాన్ని చట్టబద్ధం చేసింది. అయితే ఫలానా వ్యక్తి కళాకారుడేనని నగర సాంస్కృతిక శాఖ ధ్రువీకరించాలి. కుల ధ్రువపత్రం కోసం మండల కార్యాలయం చుట్టూ తిరిగిన మన విద్యార్థులకు ఈ వివరం కాస్త వినోదం కలిగించవచ్చు. అంతకుముందు అక్కడ కుట్టుమిషన్ల మీద, అచ్చుయంత్రాల మీద పనిచేసినవారికి మాత్రం ఏ ధ్రువపత్రమూ రాలేదు. 1982లో న్యూయార్క్ రాష్ట్రం లాఫ్ట్ చట్టం తెచ్చింది. అదే ఏడాది షారన్ జూకిన్ అనే సామాజికవేత్త ఈ లాఫ్ట్ జీవనం వెనుక ఉన్న పెట్టుబడి లెక్కలను విప్పి చెబుతూ ఒక గ్రంథం ప్రచురించారు. అదే ఏడాది, జనవరి 18న, బొంబాయిలో రెండున్నర లక్షల మంది జౌళి కార్మికులు దత్తా సామంత్ నాయకత్వంలో సమ్మెకు దిగారు. జాతి వివక్షనూ కులాన్నీ ఒకే గాటన కట్టడం నా అభిమతం కాదు. మొదట ఎవరు పోతే ఆ నేల ‘ఖాళీ’గా కనిపిస్తుందో గుర్తించడానికి మాత్రం సోహో ఉపకరిస్తుంది.

బొంబాయిలో మిల్లులున్న ప్రాంతాన్ని గిరణ్‌గావ్ అంటారు, అంటే మిల్లుల ఊరు. గిర్ని అన్న మాట తెలంగాణకూ కొత్త కాదు. లాల్‌బాగ్, పరేల్, వర్లీ, బైకులా మీదుగా విస్తరించిన ఈ ఊళ్లో దాదాపు అరవై మిల్లులు, సుమారు ఆరు వందల ఎకరాల నేల. 1850లలో మొదటి మిల్లు మొదలైన నాటి నుంచీ మనుషుల్ని పనిలో పెట్టే అధికారం ముకద్దంల చేతిలో ఉండేది. ముకద్దం తన ఊరివాణ్ని, తన కులంవాణ్ని తెచ్చుకునేవాడు. అలా ఒక్కో విభాగానికి ఒక్కో కులం రంగు అంటింది. కూలి ఎక్కువ దొరికేది నేత విభాగంలో. ఆ నేత విభాగంలోకి దళితులకు ప్రవేశం లేదు.

దీనికి చెప్పిన కారణం అతి చిన్నది. నాడెలో కండె అయిపోయినప్పుడు నేతగాడు కొత్త కండె ఎక్కించి, దారం కొసను నాడె కంటి గుండా నోటితో పీల్చి బయటికి లాగుతాడు. రోజుకు ఎన్నో పర్యాయాలు చేయవలసిన పని. ఒకరు పీల్చిన నాడెను మరొకరు పీల్చవలసివస్తుంది. దళితుడి నోరు తగిలిన దారాన్ని తాము తాకబోమన్నది సవర్ణ కార్మికుల మాట. ఇంగ్లండులోని లాంకషైర్ మిల్లుల్లోనూ ఈ పద్ధతే ఉండేది. అక్కడ దీన్ని రోగాలు అంటుకునే సమస్యగా చర్చించారు. ఇక్కడ అదే పని మైల సమస్య అయింది. యంత్రం ఒకటే, దూది ఒకటే, ఉమ్మి ఒకటే.

1928లో నెలల తరబడి సాగిన సార్వత్రిక సమ్మె సందర్భంగా, పరేల్‌లోని బి.ఐ.టి. చాళ్లలో నివసిస్తూ ఉండిన అంబేడ్కర్ ఈ విషయాన్ని సమ్మె నాయకత్వం ముందు పెట్టారు. నేత విభాగాన్ని అస్పృశ్య కార్మికులకు తెరవాలన్న అంశాన్ని కోరికల జాబితాలో చేర్చకపోతే తన వారిని సమ్మెకు దూరంగా ఉండమంటానని హెచ్చరించారు. నాయకులు అయిష్టంగానే చేర్చారు. ఇది అన్యాయమే అయితే దానికి బాధ్యులం మేం కాదు గదా అని యజమానులు తప్పుకున్నారు. వారు పూర్తిగా అబద్ధమాడారని కూడా అనలేం. తలుపు దగ్గర అడ్డం నిలబడింది తోటి కార్మికుడే. ఆ అడ్డు వల్ల కూలి ఖర్చు అదుపులో ఉండి లాభపడింది యజమాని. కార్మికవర్గ చరిత్రలు రాసిన మనవాళ్లు మొదటి వాక్యాన్ని వదిలేసి రెండో వాక్యాన్నే రాశారు.

తెలుగువాళ్ల సంగతి ఇక్కడే వస్తుంది. బొంబాయిలో ఇళ్లు, రోడ్లు కట్టడానికి నిజాం రాజ్యం నుంచి వలసపోయిన కూలీలను కామాఠీలన్నారు, కామాఠీపుర పేరు వారిదే. ఆ వెనుక మగ్గాలు దెబ్బతిన్న పద్మశాలీలు కరీంనగర్, నల్లగొండ, వరంగల్ ప్రాంతాల నుంచి వెళ్లి మిల్లు నేతగాళ్లయ్యారు. ఆ మిల్లుల్లో నేత విభాగాన్ని ‘సాంచా ఖాతా’ అంటారు. సిరిసిల్లలో మరమగ్గాన్ని సాంచె అనడం వినేవుంటారు, వలసపోయి వచ్చినవారి వెంట ఆ మాటా వచ్చింది. వర్లీలోని బి.డి.డి. చాళ్లలో కొన్నేళ్ల కిందట తొంభైకి దగ్గరపడ్డ ఒక విశ్రాంత నేతగాణ్ని కలిశాను. “ఏ ఊరు బిడ్డా మనది?” అని అడిగి, చెప్పాక కూర్చోబెట్టి చాయ్ పోయించాడు. తాను చేరిన కొత్తలో దళితులు నేత ఖాతాలో ఉండేవారా తాతా అని అడిగాను. “రానిచ్చేటోళ్లు కాదు బిడ్డా. దారం నోటితోని గుంజేది గదా” అన్నాడు. కాసేపాగి, “వాళ్ల నల్లా సుత వేరేనే ఉండె” అని తనే కలిపాడు. ఇందులో పశ్చాత్తాపం ఉందో లేదో తేల్చడం నా పని కాదు. ఆ మనిషి సమ్మెలో ఉద్యోగం పోగొట్టుకుని, ఇద్దరు కొడుకులను భివండి మరమగ్గాలకు పంపిన మనిషి. ఒకరిని తలుపు బయట నిలబెట్టిన వర్గంలో ఆయన ఉన్నాడు, తర్వాత తానే తలుపు బయటికి నెట్టబడ్డాడు. ఈ రెండూ ఒకే మనిషి జీవితంలో జరిగాయి. నిచ్చెనమెట్ల వ్యవస్థ అంటే పుస్తకంలో కాక మనిషిలో ఇలా కనిపిస్తుంది.

సమ్మెను ముగించినట్టు ఎవరూ ప్రకటించలేదు, అది క్రమంగా ఇంకిపోయింది. మిల్లులు మూతపడటం మొదలైంది. 1991లో నగర అభివృద్ధి నియమావళిలోని 58వ నిబంధన ఒక పంపకాన్ని సూచించింది: మిల్లు నేలలో మూడో వంతు నగరపాలికకు మైదానాలు, ఉద్యానాల కోసం, మూడో వంతు రాష్ట్ర గృహనిర్మాణ సంస్థ అయిన మ్హాడాకు, మిగిలిన మూడో వంతు యజమానికి. 2001లో ఈ నిబంధనకు ఒక సవరణ వచ్చింది. పంపకానికి వచ్చేది మొత్తం నేల కాదు, షెడ్లు లేని ఖాళీ జాగా మాత్రమే అన్నారు. మిల్లు అంటేనే నేలంతా పరుచుకున్న షెడ్డు. పంచడానికి మిగిలేది ఎంత? 2005లో బొంబాయి హైకోర్టు ఈ సవరణకు కళ్లెం వేసింది. 2006 మార్చిలో సుప్రీంకోర్టు హైకోర్టు తీర్పును కొట్టివేసింది. పాత కట్టడం మీద నగరానికి హఠాత్తుగా పుట్టుకొచ్చిన ప్రేమను చూసినప్పుడల్లా నాకీ సవరణే గుర్తుకొస్తుంది. కట్టడం కింది నేల పంపకానికి రాదు.

ఆపైన రూపాంతరం వేగంగా సాగింది. మథురాదాస్ మిల్లు ఆవరణలో సంగీత క్లబ్బు వెలిసింది. రఘువంశీ మిల్లులో గృహాలంకరణ దుకాణాలు, తోడీ మిల్లులో, కమలా మిల్లులో ఆఫీసులు, మద్యశాలలు వచ్చాయి. శ్రీనివాస్ మిల్లు నేల మీద ఆకాశాన్నంటే నివాస గోపురాలు లేచాయి. లోయర్ పరేల్ అన్న పేరులోని ‘లోయర్’ కొనుగోలుదారులకు రుచించదని కాబోలు, స్థిరాస్తి వ్యాపారులు ఆ ప్రాంతాన్ని ‘అప్పర్ వర్లీ’ అని పిలవడం మొదలుపెట్టారు. పటం మీద అటువంటి ఊరు లేదు. కింది పేరు చెప్పుకోవడానికి సిగ్గుపడి పై పేరు తగిలించుకోవడం ఈ దేశంలో మనుషులు చేసే పనే, ఇప్పుడు పేటలూ చేస్తున్నాయి.

కార్మికులకు దక్కింది లాటరీ. 1982 జనవరి 1 నాటికి మిల్లు హాజరు పట్టీలో పేరున్నవారు, లేదా వారి వారసులు ఇంటికి అర్హులన్నారు. లక్షన్నరకు చేరువగా దరఖాస్తులు వచ్చాయి. 2012లో తొలి లాటరీ తీసినప్పుడు ఉన్న ఇళ్లు 6,925. ఒక్కో ఇల్లు 225 చదరపు అడుగులు. ఒక లాఫ్ట్‌లో పడకగది అంతకంటే పెద్దదే ఉంటుంది. పైగా హాజరు పట్టీ అన్నది కులానికి అతీతమైన కాగితమేమీ కాదు. ముకద్దం ఎవరిని తెస్తే వారి పేరే అందులోకి ఎక్కింది. నేత ఖాతాలోకి రానివ్వనివారు తక్కువ కూలి విభాగాల్లోనో, ఊడ్చే పనిలోనో, మిల్లు బయట మురుగుకాల్వల్లోనో మిగిలారు. మిల్లు గేటు దాకా కూడా రాలేకపోయినవారి వారసులకు ఆ లాటరీలో చీటీ అయినా లేదు.

లాఫ్ట్‌లోకి ఎవరు రావచ్చు? డబ్బున్న ఎవరైనా అన్నది మార్కెట్ చెప్పే సమాధానం. 2005లో అహ్మదాబాద్‌కు చెందిన జొరాస్ట్రియన్ సహకార గృహ సంఘం కేసులో, సభ్యత్వాన్ని తమ మతస్థులకే పరిమితం చేసుకునే హక్కు సంఘానికి ఉందని సుప్రీంకోర్టు అంది. మాంసం వండేవారికి ఇల్లివ్వమని మాటల్లోనే తేల్చేసే అపార్ట్‌మెంట్లు ముంబయిలో ఎన్నో. దళితులకు ప్రవేశం లేదని బోర్డు పెట్టవలసిన అవసరం లేదు, వంటింటి గురించి రెండు ప్రశ్నలడిగితే చాలు. ఒకనాడు నాడె కన్ను చేసిన పనిని ఇవాళ వంటింటి కిటికీ చేస్తోంది.

ఇక ‘సృజనాత్మక వాడ’ అన్న మాట. ఆ నేల మీద సృజన 2000 తరవాత దిగుమతి అయిందా? మాంగ్ కులంలో పుట్టి, బడి చదువు లేకుండా, మిల్లులో పనిచేసి, షాహీర్‌గా, నవలాకారుడిగా ఎదిగిన అణ్ణాభావు సాఠే ఆ వాడలవాడే. 1944లో అమర్ షేక్, గవాణ్‌కర్‌లతో కలిసి ఆయన ఏర్పరచిన లాల్ బావ్‌టా కళాపథక్ చాళ్ల ముంగిళ్లలో ప్రదర్శనలిచ్చింది. మిల్లు కార్మికుడు చేరదీసి పెంచిన అనాథ నారాయణ్ సుర్వే మరాఠీ కవిత్వంలో కార్మికుడి గొంతయ్యాడు. 1972లో ‘గోల్‌పీఠా’ ప్రచురించిన నామ్‌దేవ్ ఢసాళ్, అదే ఏడాది పుట్టిన దళిత్ పాంథర్స్, కామాఠీపుర సందుల నుంచీ వర్లీ చాళ్ల నుంచీ బలం తెచ్చుకున్నవారే. వీరెవరినీ కళాకారులని ఏ నగరపాలికా ధ్రువీకరించలేదు. వారి వాడను ‘సృజనాత్మకం’ అని ఎవరూ అమ్మలేదు. ఇవాళ ఆ బిరుదు కావాలంటే ముందు ఆ వాడ నుంచి ఆ మనుషులు ఖాళీ చేసి ఉండాలి.

ఈ చరిత్రలో ఎదురు నడిచిన ఒక మిల్లు ఉంది. దాదర్‌లో, చైత్యభూమి పక్కనే ఉన్న ఇందూ మిల్లు. 2011 డిసెంబరు 6న, అంబేడ్కర్ వర్ధంతి నాడు, ఆనంద్‌రాజ్ అంబేడ్కర్ నాయకత్వాన రిపబ్లికన్ సేన కార్యకర్తలు ఆ మూతబడ్డ మిల్లులోకి ప్రవేశించి, ఈ నేల బాబాసాహెబ్ స్మారకానికే చెందాలని కూర్చున్నారు. ఉద్యమం సాగింది, ప్రభుత్వాలు మారాయి, 2015లో పన్నెండున్నర ఎకరాల ఆ స్థలంలో స్మారకానికి శంకుస్థాపన జరిగింది. విగ్రహం ఎత్తు గురించిన ప్రకటనల మీద నాకు ఆసక్తి తక్కువ. నేత ఖాతాలోకి ఎవరిని రానివ్వలేదో వారి మనవలు మిల్లు గేటు తోసుకుని లోపలికి వెళ్లారన్నదే నాకు ముఖ్యం. పట్టా లేకుండా, పట్టీలో పేరు లేకుండా, చరిత్రను మాత్రమే హక్కు పత్రంగా చూపి సాధించుకున్న మిల్లు నేల అది.

మన దగ్గర వరంగల్‌లో 1934లో నెలకొల్పిన ఆజంజాహి మిల్లు 2002లో మూతపడింది. భవనం కూలింది, నేల ప్లాట్లయింది, కార్మికులు ఇళ్ల జాగాల కోసం ఏళ్ల తరబడి దీక్షలు చేశారు. అక్కడ లాఫ్ట్‌లు వెలవలేదు, కట్టడం మీద ప్రేమ పుట్టేలోపే కట్టడం పోయింది. హైదరాబాద్ దిగువ ట్యాంక్‌బండ్ దగ్గరి మిల్లు ప్రాంగణం నుంచి గుంటూరు, చీరాల పొగాకు గోదాముల దాకా మిగిలినవాటి వైపు ఇవాళ కాకపోతే రేపు వాస్తుశిల్పులు వస్తారు, ‘వారసత్వ సంపద’ అన్న మాట వెంట తెస్తారు. వాళ్ల కంటే ముందు మన విశ్వవిద్యాలయాల విద్యార్థులు వెళ్లాలి. మిగిలిన హాజరు పట్టీలను, కూలి చిట్టాలను రాష్ట్ర ప్రాచీన పత్ర భాండాగారానికి చేర్పించాలి. ఏ విభాగంలో ఏ కులంవారు ఎంత కూలికి పనిచేశారో, ఎవరిని ఏ తలుపు దగ్గర ఆపారో, బతికున్నవారి నోట రికార్డు చేయాలి. పొగాకు గోదాముల్లో ఆకు గ్రేడింగ్ చేసిన దళిత స్త్రీలలో చాలామందికి ఇప్పటికే డెబ్బై దాటాయి.