హోలోకాస్ట్‌కు ముందే మాయమైన యూదు కుటుంబాల చరిత్ర ఎట్ల వెతుకుతారు? మా సిర్గాపూర్ పహాణీ దగ్గర నాకు అర్థమైన సంగతి

ఇయ్యాల సిర్గాపూర్‌లో మా ఇంటి అరుగు మీద కూర్చొని మాట్లాడుతున్నా. మధ్యమధ్యలో ట్రాక్టర్ సప్పుడు వస్తది, ఏమనుకోకండి.

టాపిక్ వింటే మీకు కొంచెం వింతగా ఉంటది. నారాయణఖేడ్ పిలగానికి యూదులతోటి ఏం పని అనుకుంటరు. నాకు పని పడ్డది. మా తాత వాళ్ల నాయనకు ఒక అన్న ఉండెనట. ఆయన భార్యాపిల్లలను తీసుకొని బొంబాయి పోయిండు, మళ్లీ రాలేదు. మా ఇంట్లో ఆయన పేరు తెలిసింది ఒక్క నాయనమ్మకే. ఆమెకు ఇప్పుడు మతిమరుపు వచ్చింది. పొద్దున చెప్పింది సాయంత్రానికి గుర్తుండదు. నేను ఫోన్ పట్టుకొని రికార్డ్ చేద్దామని కూర్చునేసరికి ఆ పేరు కూడా పోయింది. "ఏందో ఉండె బిడ్డా" అంటది, అంతే.

సరే, ఇట్ల తెగిపోయిన కుటుంబాలను ప్రపంచంలో ఎవరు ఎట్ల వెతుకుతున్నరు అని చూడటం మొదలుపెట్టిన. ఏ దారిలో పోయినా చివరికి యూదుల దగ్గరకే తేలింది. ఈ పనిలో వాళ్లంత ఓపిక పట్టినోళ్లు తక్కువ.

హోలోకాస్ట్ అంటే మీలో చాలామందికి తెలుసు. హిట్లర్ నాజీ ప్రభుత్వం రెండో ప్రపంచ యుద్ధం కాలంలో దాదాపు 60 లక్షల మంది యూదులను చంపింది. ఆ తర్వాత జెరూసలేంలో 1953లో యాద్ వషేమ్ అనే సంస్థ పెట్టి, చనిపోయిన ఒక్కొక్కరి పేరు సేకరించడం మొదలుపెట్టారు. బతికిన చుట్టాలు, పక్కింటోళ్లు ఒక ఫారం నింపుతారు: పేరు, తల్లిదండ్రులు, ఊరు, పని. ఇప్పటికి దాదాపు 50 లక్షల పేర్లు దొరికినయి. జర్మనీలో అరోల్సెన్ అనే ఊళ్లో ఇంకో పెద్ద భాండాగారం ఉంది. నాజీల కింద నలిగిన కోటీ 75 లక్షల మందికి సంబంధించిన కాగితాలు అక్కడ ఉన్నయి. రెండూ ఫోన్‌లోనే వెతుక్కోవచ్చు.

అంటే అంత ఘోరం జరిగినా దానికి లిస్టు ఉంది. అడిగేటోళ్లు ఉన్నరు, ఏడ్చేటోళ్లు ఉన్నరు.

మరి దానికంటే ముందే మాయమైన యూదు సమాజాల సంగతి? కొన్నిచోట్ల తరిమేశారు, కొన్నిచోట్ల బలవంతంగా మతం మార్చారు. కొన్నిచోట్ల వ్యాపారం పడిపోయి ఒక్కో ఇల్లు లేచిపోయింది. ఇంకొన్నిచోట్ల పక్కోళ్లలో కలిసిపోయారు. వీళ్లకు ఫారం నింపేటోళ్లే లేరు. ఆఖరి మనిషి ఎప్పుడు పోయిండో కూడా ఎవరూ రాసిపెట్టుకోలేదు. నాకు మా బొంబాయి పెద్దతాత గుర్తొచ్చింది ఇక్కడే.

ఎక్కడో ఎందుకు, మన గోల్కొండ వజ్రాల కథలోనే ఇట్లాంటి సమాజం ఒకటి ఉంది. కృష్ణా ఒడ్డున కొల్లూరు గని పేరు వినే ఉంటరు. 17వ శతాబ్దంలో అక్కడికి వచ్చిన ఫ్రెంచ్ వర్తకుడు టావెర్నియే, 60 వేల మంది పనిచేస్తున్నరని రాసిండు. ఇప్పుడు ఆ చోటు పులిచింతల నీళ్ల కింద ఉంది. అక్కడ తవ్విన రాళ్లు మద్రాసుకు పోయేవి. మద్రాసులో కొనేటోళ్లలో పోర్చుగీసు మూలాలున్న యూదు వర్తకులు ముఖ్యమైనోళ్లు. ఇటలీలోని లివోర్నో నుంచి పగడాలు వచ్చేవి, ఇక్కడి నుంచి వజ్రాలు పోయేవి. పగడానికి వజ్రం, అదీ వాళ్ల లెక్క. 1688లో మద్రాసు కార్పొరేషన్ ఏర్పడితే అందులో ఆల్డర్‌మెన్లుగా యూదు వర్తకులు కూడా కూర్చున్నరు.

వాళ్లలో జాక్ ద పైవా అని ఒకాయన. ఆమ్‌స్టర్‌డామ్ నుంచి వచ్చిండు. వజ్రాల కోసం గోల్కొండ గనుల దాకా పోయి, 1687లో చనిపోయిండు. అదే ఏడు గోల్కొండ కోట ఔరంగజేబు చేతికి పోయింది, చూడండి. ఆయనను మద్రాసులో యూదుల శ్మశానంలో పూడ్చారు. ఆయన భార్య హియెరోనిమా తర్వాత మద్రాసు గవర్నర్ ఎలిహు యేల్‌తో కలిసి ఉంది, వాళ్లకు ఒక కొడుకు పుట్టిండు. అమెరికాలో యేల్ యూనివర్సిటీ ఉంది గదా, ఆ పేరు ఈ యేల్‌దే.

తర్వాత 1720లలో బ్రెజిల్‌లో వజ్రాలు దొరికినయి. గోల్కొండ సరుకు గిరాకీ పడిపోయింది. 18వ శతాబ్దం ముగిసేసరికి మద్రాసులో ఆ సమాజం లేనట్టే అయింది. ఎవరూ చంపలేదు, ఎవరూ తరమలేదు. వ్యాపారం పోయింది, మనుషులు పోయారు. మిగిలింది కొన్ని సమాధి రాళ్లు. మరి ఇంత వివరం మనకు ఎట్ల తెలిసింది? ఆ కుటుంబాలు దాచిపెట్టుకున్న పుస్తకాల నుంచి కాదు, ఎక్కువగా ఈస్ట్ ఇండియా కంపెనీ గుమస్తాలు రాసుకున్న లెక్కల నుంచి.

నాకు అసలు కిటుకు దొరికింది ఇక్కడే. మాయమైనోళ్ల గురించి వాళ్ల సొంత కాగితాల్లో వెతికితే ఏం దొరకదు. వేరేటోళ్లు తమ అవసరానికి రాసుకున్న కాగితాల్లో వెతకాలె.

దీనికి మనసు కలుక్కుమనే ఉదాహరణ పోర్చుగల్. 1497లో అక్కడ యూదులను బలవంతంగా క్రైస్తవులుగా మార్చారు. పేర్లు కూడా పోర్చుగీసు పేర్లయినయి. మన ద పైవా పేరు అట్లాంటిదే. పాత పేరు పోతే వంశం దారం తెగినట్టే. కానీ తర్వాత ఇంక్విజిషన్ అనే మత న్యాయస్థానం వచ్చి, లోపల లోపల యూదు ఆచారం పాటిస్తున్నరా అని వీళ్లను విచారించింది. ఆ విచారణలో ఒక భాగం ఏందంటే, పట్టుబడ్డ మనిషితో అమ్మానాన్న, అవ్వాతాత, మేనమామలు, మేనత్తలు అందరి పేర్లు చెప్పించి రాసుకోవడం. ఆ ఫైళ్లు లిస్బన్‌లోని తోర్రె దో తోంబో ఆర్కైవ్‌లో వేలకు వేలు ఉన్నయి. ఇప్పుడు మనవళ్లు, ముని మనవళ్లు తమ వంశవృక్షాన్ని ఆ ఫైళ్ల నుంచే గీసుకుంటున్నరు. హింసించినోడు రాసిన కాగితమే ఆధారం. ఇది చదివిన రోజు నాకు రాత్రి నిద్ర పట్టలేదు, నిజంగా.

అన్నీ ఇట్లాంటి కథలే కావు. కైరోలో ఒక పాత యూదు ప్రార్థనామందిరంలో దేవుడి పేరు ఉన్న కాగితం పారేయొద్దని, రాసిన కాగితాలన్నీ ఒక గదిలో పడేసేవాళ్లు. 1896, 97లలో సోలమన్ షెక్టర్ అనే పండితుడు వాటిలో చాలా భాగం కేంబ్రిడ్జ్‌కు తెచ్చిండు. అందులో మంగళూరులో ఉన్న అబ్రహాం బెన్ యిజు అనే వర్తకుడి ఉత్తరాలు దొరికినయి. 12వ శతాబ్దం సంగతి ఇది! ఆయన అషు అనే మన దేశపు బానిస అమ్మాయికి 1132 అక్టోబర్‌లో స్వేచ్ఛ ఇచ్చినట్టు రాసిన పత్రం కూడా ఉంది. ఆమె గురించి మనకు తెలిసింది బహు తక్కువ, కానీ పేరు మాత్రం దాదాపు 900 ఏండ్లు బతికింది. అమితావ్ ఘోష్ దీని మీద ఒక పుస్తకమే రాసిండు, దొరికితే చదవండి.

చైనాలో కైఫెంగ్ అనే ఊరు ఇంకో రకం. అక్కడ 1163లో యూదుల ప్రార్థనామందిరం కట్టారు. 19వ శతాబ్దంలో అదీ పోయింది, హీబ్రూ చదివేటోళ్లూ పోయారు. కానీ చనిపోయినోళ్ల పేర్లు హీబ్రూలో, చైనీస్‌లో పక్కపక్కన రాసిన పుస్తకం ఒకటి మిగిలింది. ఒకే కుటుంబానికి రెండు భాషల్లో రెండు పేర్లు ఉంటే, వెతికేటోడికి అది తాళంచెవి.

ఇక ఇంటిపేర్లు. మహారాష్ట్ర కొంకణ్ తీరంలో బెనె ఇజ్రాయెల్ అనే యూదులు ఉండేవాళ్లు. నూనె గానుగ పని, శనివారం గానుగ ఆపేస్తరు. అందుకే ఊరోళ్లు వాళ్లను శనివార్ తేలి అన్నరు. వాళ్ల ఇంటిపేర్లు పెన్‌కర్, రోహేకర్, కెహిమ్‌కర్. అంటే పెన్ ఊరోళ్లు, రోహా ఊరోళ్లు. మన మరాఠీ చుట్టాల పేర్ల లెక్కనే. 1948 తర్వాత చాలామంది ఇజ్రాయెల్ పోయారు. కానీ అక్కడ పుట్టిన పిల్లలకు కూడా ఇంటిపేరులో ఊరి పేరు ఉంది కాబట్టి, మ్యాప్ తెరిస్తే తాతల ఊరు దొరుకుతది. 2016లో వాళ్ల జన్యువుల మీద ఒక అధ్యయనం కూడా వచ్చింది. ఇటు భారతీయ మూలం, అటు యూదు మూలం రెండూ ఉన్నయని తేలింది.

మన తెలుగోళ్లలో కూడా గుంటూరు వైపు చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రాయిమ్ అని ఒక చిన్న సమాజం ఉంది. తమది పాత ఇజ్రాయెల్ గోత్రమని చెప్తరు, 1991లో ప్రార్థనామందిరం పెట్టుకున్నరు. వాళ్ల ఆధారం ఎక్కువగా పెద్దలు చెప్పిన మాట. అవునా కాదా అని తేల్చడానికి నేనెవరిని? నాయనమ్మ మాట తప్ప వేరే కాగితం లేని ఇల్లు నాది కూడా.

సరే, ఇప్పుడు మా ఊరికి వద్దాం. యూదుల సమాధి రాళ్ల మీద పేరు ఒక్కటే ఉండదు, "ఫలానా బెన్ ఫలానా" అని ఉంటది. బెన్ అంటే కొడుకు. ఒక్క రాయి దొరికితే రెండు తరాలు దొరికినట్టే. అది చదువుతుంటే నాకు టక్కున మా పహాణీ గుర్తొచ్చింది. మా దగ్గర పాత రికార్డుల్లో "ఫలానా వల్ద్ ఫలానా" అని ఉంటది. వల్ద్ అన్నా కొడుకే!

కొత్తోళ్ల కోసం చెప్తా. ఇప్పుడు మేం సంగారెడ్డి జిల్లా, సిర్గాపూర్ 2016లో మండలం అయింది. కానీ 1956 దాకా నారాయణఖేడ్ తాలూకా బీదర్ జిల్లాలో ఉండె. నిజాం కాలపు సర్కారు రాతలు చాలావరకు ఉర్దూ. సేత్వార్, 1954-55 ఖాస్రా పహాణీ, ఇవి మా భూములకు పునాది కాగితాలు. పట్టాదారు ఒకరు, కబ్జాలో ఉన్నోడు ఇంకొకరు, కౌలు చేసేటోడు వేరొకరు, ఎవరి గడి వాళ్లకు ఉంటది. భూమి శిస్తు కోసం రాసిన కాగితం అది, మా వంశం కోసం కాదు. అందుకే పనికొచ్చింది.

మా సర్వే నంబర్‌కు ఖాస్రా పహాణీ నకలు తీసుకున్న. ఉర్దూ నాకు ఒక్క అక్షరం రాదు. ఖేడ్‌లో రిటైరైన ఉర్దూ సారు ఒకాయన అద్దాలు పెట్టుకొని గంటసేపు చూసిండు. ఉర్దూలో పొట్టి అచ్చులు రాయరు. కాబట్టి ఒకే మాటను సిర్గాపూర్ అని చదవొచ్చు, సర్గాపూర్ అని చదవొచ్చు. హీబ్రూతోటి కూడా ఇదే గోస. అందుకే యూదు పరిశోధకులు 1985లో డైచ్, మోకోటాఫ్ అనే ఇద్దరి పేరు మీద ఒక పద్ధతి తయారుచేసుకున్నరు. స్పెల్లింగ్ ఎట్లున్నా, ఒకే రకంగా పలికే పేర్లన్నిటికీ ఒకే నంబర్ వస్తది. జ్యూయిష్‌జెన్ వెబ్‌సైట్‌లో వెతికినప్పుడు లోపల పనిచేసేది ఇట్లాంటిదే. మనకు అట్లాంటిది లేదు కాబట్టి నేను నోట్‌బుక్‌లో ఒక్కో పేరు నాలుగు రకాలుగా రాసుకొని చూసిన.

రెండో పేజీలో సారు వేలు ఆగింది. మా ముత్తాత పేరు, వల్ద్, వాళ్ల నాయన పేరు. దాని కిందనే ఇంకో పేరు, వల్ద్, అదే నాయన పేరు.

అన్న దొరికిండు.

బొంబాయిలో ఆయన పిల్లలు దొరికారా అంటే, ఇంకా లేదు. ఉన్నది ఉన్నట్టు చెప్తున్నా. మీలో ఎవరైనా ఇట్ల వెతుకుతుంటే నాకు పనికొచ్చిన జాగలు చెప్తా. ఊరి ప్రైమరీ స్కూల్ అడ్మిషన్ రిజిస్టర్ అడగండి, తండ్రి పేరు ఉంటది. నాసిక్, త్రయంబకేశ్వర్, హరిద్వార్ పూజారులు ఇంటింటి వంశం రాసిన బహీలు ఉంచుకుంటరు. మీ వాళ్లు ఎప్పుడైనా అక్కడ పిండం పెట్టి ఉంటే అడగండి. తార్నాకలో స్టేట్ ఆర్కైవ్స్ ఉంది. ఇంకోటి చాలామంది మర్చిపోతరు: పిచ్చకుంట్లోళ్లు, డక్కలోళ్లు, లంబాడోళ్లకు ఢాడీలు. వీళ్లు కులాల కథలు, గోత్రాలు నోటితోటే మోసినోళ్లు. ఫోన్ తీసి ముందు వాళ్లను రికార్డ్ చేయండి, కాగితం ఎక్కడికీ పోదు.

ఒక లోటు మాత్రం యూదుల కాగితాల్లోనూ చూసిన, మా పహాణీలోనూ చూసిన. వల్ద్ పక్కన అందరూ మగోళ్లే. ఆడోళ్ల పేర్లు చాలా తక్కువ.

ఇంటికొచ్చి నాయనమ్మ పక్కన కూర్చొని ఆ పేరు గట్టిగా చదివిన. ఆమె కొంచెంసేపు గోడకేసి చూసింది. తర్వాత ఆ పెద్దతాత పేరు కాదు, ఆయన భార్య పేరు చెప్పింది. ఆమె జొన్నరొట్టె ఎట్ల చేసేదో చెప్పింది, బొంబాయి పోయే రోజు బిడ్డను సంకనేసుకొని ఏడ్చిందని చెప్పింది. నాయనమ్మకు ఇవన్నీ వాళ్ల అత్త చెప్పినయట. ఈసారి ఫోన్ ఆన్‌లోనే ఉంది.

ఆ పేరు ఈ వీడియోలో చెప్పను. ఆమె మనవళ్లు ఎక్కడైనా ఉంటే, ముందు వాళ్లకు చెప్పాలె. ఉంటా మరి.