ప్రవేశ రుసుం లేదు... మరి కథపై హక్కు ఎవరిది?

శ్రీకాకుళం: సంక్రాంతి, ఉగాది, దీపావళి సమీపిస్తున్నాయంటే కథల పోటీ ప్రకటనలు వెలువడటం తెలుగునాట ఆనవాయితీ. పత్రికలు, సాహితీ సంస్థలు, అమెరికాలోని తెలుగు సంఘాలు సైతం వీటిని నిర్వహిస్తూ వచ్చాయి. ‘ప్రవేశ రుసుం లేదు’ అన్న మాట కనిపించగానే వర్ధమాన రచయితలు పోయేదేముందనుకుని చేతిలో ఉన్న కథను పంపించేస్తుంటారు. ఈమెయిలు వచ్చాక టపా ఖర్చు కూడా తప్పడంతో ఆ పాటి ఆలోచన సైతం కరవైంది. అయితే రుసుం లేని పోటీలోనూ రచయిత చెల్లించుకునేవి రెండున్నాయి. ఒకటి కథపై హక్కు, రెండోది కాలం. ఈ రెండింటి లెక్క తేల్చుకున్నాకే కథను పంపడమా, మానడమా అన్నది నిర్ణయించుకోవాలి.

పోటీల వల్ల మేలు లేదని కాదు. పాలగుమ్మి పద్మరాజు రాసిన ‘గాలివాన’ 1952లో న్యూయార్క్ హెరాల్డ్ ట్రిబ్యూన్ పత్రిక నిర్వహించిన ప్రపంచ కథానికల పోటీలో ద్వితీయ బహుమతి పొందింది. తెలుగు కథ దేశాంతరాల్లో వినిపించింది ఆ పోటీ మూలంగానే. బహుమతి రాకున్నా ‘సాధారణ ప్రచురణకు స్వీకరించిన కథలు’ అనే జాబితాలో పేరు కనిపిస్తే కొత్త రచయితకు కలిగే ఉత్సాహం చిన్నదేమీ కాదు. గడువు తేదీ లేకపోతే సగంలోనే నిలిచిపోయే కథలూ ఎన్నో.

హామీపత్రం చదివారా?

దాదాపు ప్రతి పోటీలోనూ రచయిత హామీపత్రం జతచేయాలి. కథ సొంతమని, అనువాదమో అనుకరణో కాదని, ఎక్కడా ప్రచురితం కాలేదని, మరో పత్రిక పరిశీలనలో లేదని అందులో రాస్తారు. ఇంతవరకు ఆక్షేపించవలసిందేమీ లేదు. ఆ తర్వాత వచ్చే వాక్యం వద్దే ఆగి చదవాలి. ‘బహుమతి పొందిన కథల ప్రచురణ హక్కు నిర్వాహకులది’ అనడం వేరు, ‘పోటీకి వచ్చిన రచనలన్నింటిపై సర్వహక్కులూ నిర్వాహకులవే’ అనడం వేరు. మొదటిదానిలో హక్కుకు బదులుగా బహుమతి సొమ్ము ముడుతుంది. రెండోదానికి అంగీకరించి సంతకం చేస్తే, ఒక్క రూపాయి దక్కని కథ విషయంలోనూ వివాదం తలెత్తవచ్చు. రేపు దానిని సొంత సంపుటిలో చేర్చాలన్నా, అనువాదానికి ఇవ్వాలన్నా, సినిమాకో వెబ్ సిరీస్‌కో ఎవరైనా అడిగినా రచయిత మరొకరి అనుమతి కోరవలసిన దుస్థితి ఏర్పడుతుంది.

ఈ విషయంలో 1957 నాటి కాపీరైటు చట్టం రచయితకు కొంత అండగా ఉంది. 19వ సెక్షన్ ప్రకారం హక్కుల బదలాయింపు రాతపూర్వకంగా, రచయిత లేదా ఆయన అధీకృత ప్రతినిధి సంతకంతో జరిగితేనే చెల్లుతుంది. కేవలం ప్రకటనలో అచ్చు వేసినంత మాత్రాన సరిపోదు. ఒప్పందంలో కాలపరిమితి పేర్కొనకపోతే అది 5 ఏళ్లేనని, ప్రాంతం పేర్కొనకపోతే భారతదేశానికే పరిమితమని చట్టం భావిస్తుంది. హక్కులన్నీ ఇచ్చేసినా, ఆ రచన తనదేనని చెప్పుకునే అధికారం 57వ సెక్షన్ కింద రచయితకే ఉంటుంది. కనుక జాగ్రత్త పడవలసింది హామీపత్రం మీద సంతకం పెట్టే క్షణంలోనే. అభ్యంతరకరమైన వాక్యం ఉంటే ‘ప్రథమ ప్రచురణకు మాత్రమే’ అని సవరించమని ముందుగా కోరవచ్చు. కాదంటే కథను వేరేచోటికి పంపుకోవడమే మేలు.

నెలల తరబడి నిరీక్షణ

ఫలితాలు వెలువడే వరకు కథను మరెక్కడికీ పంపకూడదన్నది మరో నిబంధన. ఏడాదికి మూడు నాలుగు కథలు రాసేవారికి రెండు కథలు ఇలా ఆరేసి నెలలు చిక్కుపడితే ఆ ఏటి శ్రమలో సగం ఆగిపోయినట్లే. సంక్రాంతి నేపథ్యంతో రాసిన కథ ఫిబ్రవరిలో తిరిగొస్తే మళ్లీ పండుగ దాకా ఆగవలసిందే. ఫలితాల తేదీ ప్రకటించని పోటీ విషయంలో రచయిత తనకు తానే ఒక గడువు పెట్టుకుని, అది దాటగానే కథను ఉపసంహరించుకుంటున్నట్లు ఈమెయిలు ద్వారా తెలియజేయడం ఉత్తమం. ‘ఉత్తర ప్రత్యుత్తరాలకు తావులేదు’ అన్న నిబంధన ఇందుకు అడ్డు కాదు. ఈలోగా మిత్రుల మెప్పు కోసం ఆ కథను ఫేస్‌బుక్‌లోనో వాట్సాప్ బృందంలోనో పెడితే దాన్ని ప్రచురితమైనదిగానే పరిగణించే నిర్వాహకులున్నారని మరువరాదు.

ఎంపికయ్యాక బిల్లు

కొన్ని పోటీల్లో ఖర్చు చివర్లో తెలుస్తుంది. కథ సంకలనానికి ఎంపికైందన్న శుభవార్త వెంటే ఇన్ని ప్రతులు కొనాలనో, సన్మాన సభకు ప్రతినిధి రుసుం కట్టాలనో కబురు వస్తుంది. శాలువా, జ్ఞాపిక కూడా ఆ డబ్బుతోనే కొంటారు కాబోలు! వచ్చిన కథలన్నీ ఎంపికయ్యే చోట ఎంపికకు విలువేముంటుంది? న్యాయనిర్ణేతలెవరు, గత విజేతలకు సొమ్ము అందిందా అన్నది ఒకరిద్దరు పాత విజేతలను అడిగితే తెలిసిపోతుంది. ఆ పోటీలో గతంలో నెగ్గిన కథల్ని చదవడం మరీ ముఖ్యం. ఇందుకోసం కాళీపట్నం రామారావు శ్రీకాకుళంలో 1997లో నెలకొల్పిన కథానిలయం సేకరించిన పాత పత్రికలు, సంకలనాలు ఎంతో ఉపకరిస్తాయి.

విదేశీ పోటీలపై ఆసక్తి ఉన్నవారు భాష సంగతి ముందే చూసుకోవాలి. రుసుం లేని కామన్వెల్త్ కథానిక పోటీ 2025 నిబంధనల్లో ఆంగ్లంతోపాటు తమిళం, బెంగాలీ భాషలకు చోటుంది, తెలుగుకు లేదు. తెలుగు కథ ఆంగ్లానువాదంగానే వెళ్లాలి. అలాంటప్పుడు అనువాదకుని పారితోషికం, బహుమతిలో వాటా వంటివి కథ పంపకముందే కాగితంపై రాసుకోవాలి.