రేడియో కారులోని మోటారు

మూరెడు పొడవుగల చిన్న కారు మైదానమున పరుగిడుచుండును. దానిలో నడుపువాడు లేడు. దానిని లాగు త్రాడును లేదు. దూరమున నిలిచిన బాలుడు తన చేతిలోని పెట్టెమీటను కదల్చినంతనే అది ముందునకు దూకును, మలుపు తిరుగును, నిలిచిపోవును. రేడియో తరంగములతో దూరమునుండి వాహనమును నడుపు విద్య నేడు పుట్టినది కాదు. 1898వ సంవత్సరమున నికోలా టెస్లా అను శాస్త్రజ్ఞుడు న్యూయార్కు నగరమునందలి మాడిసన్ స్క్వేర్ గార్డెనులో ఒక చిన్న పడవను ఈ విధముగనే నడిపి జనులను ఆశ్చర్యపఱచెను. తరంగము ఆజ్ఞను మాత్రమే తెచ్చును. ఆ ఆజ్ఞ ననుసరించి బరువును మోసి చక్రములను త్రిప్పవలసినది మోటారు. దాని క్షేమమే కారు క్షేమము.

పూర్వపు ఆటకార్లలోని మోటార్లయందు తీగచుట్టలు తిరుగుచుండెడివి. అయస్కాంతములు కదలక నిలిచియుండెడివి. తిరుగుచున్న చుట్టలకు విద్యుత్తు నందించుటకై కర్బనముతో చేసిన రెండు ముక్కలు తిరుగు భాగమును ఒరసికొనుచుండెడివి. ఆ ముక్కలకే బ్రష్షులని పేరు. ఒరపిడిచే అవి అరిగిపోవును, నిప్పురవ్వలు లేచును. బ్రష్‌లెస్ మోటారునందు ఈ ఏర్పాటు తలక్రిందులైనది. తీగచుట్టలు కదలక డబ్బా గోడను అంటియుండును. నడుమనున్న ఇరుసుపై అయస్కాంతము తిరుగును. ఏ చుట్టకు ఏ క్షణమున విద్యుత్తు నీయవలెనో వేగనియంత్రకమను చిన్న పరికరము నిర్ణయించి, మూడు తీగలద్వారా పంపును. ఒరసికొను బ్రష్షులు లేవు కావున అరుగుదల మిక్కిలి తక్కువ. వేగమా, అపారము. వోల్టునకు నిమిషమునకు 3,500 చుట్ల చొప్పున తిరుగు మోటారునకు 7.4 వోల్టుల బ్యాటరీని తగిలించినచో, బరువు లేనప్పుడు అది నిమిషమునకు 25,900 చుట్లు తిరుగును.

ఇట్టి మోటారునకు గల ప్రధాన శత్రువు వేడిమి. ఆ వేడిమి ఎచటనుండి పుట్టుచున్నది? తీగలో విద్యుత్తు ప్రవహించునప్పుడు ఆ తీగ వేడెక్కును. ఆ వేడిమి ప్రవాహముయొక్క వర్గము ననుసరించి పెరుగునని జేమ్సు ప్రెస్కాటు జౌల్ అను ఆంగ్ల శాస్త్రజ్ఞుడు 1841లో ప్రకటించెను. ఒక మోటారు చుట్టల నిరోధము ఓములో నూఱవ వంతు అనుకొందము. 20 ఆంపియర్ల ప్రవాహమునకు అందు పుట్టు వేడిమి 4 వాట్లు. ప్రవాహము 40 ఆంపియర్లయినచో వేడిమి 8 వాట్లు కాదు, 16 వాట్లు. 80 ఆంపియర్లయినచో 64 వాట్లు. ప్రవాహము నాలుగింతలగునప్పటికి వేడిమి పదునాఱింతలైనది! 60 వాట్ల పాతకాలపు విద్యుద్దీపమును చేతితో తాకిన వారికి, అంతటి వేడిమి పిడికెడంత డబ్బాలో చిక్కుకొనుట యెట్టిదో సులభముగా బోధపడును.

కీడు ఇంతటితో ఆగదు. రాగితీగ వేడెక్కిన కొలది దాని నిరోధము కూడ పెరుగును. 20 డిగ్రీలనుండి 100 డిగ్రీలకు చేరునప్పటికి ఆ నిరోధము నూటికి ముప్పదివంతులకు మించి హెచ్చును. నిరోధము హెచ్చిన, అదే ప్రవాహమునకు వేడిమియు హెచ్చును. వేడిమివలన నిరోధము, నిరోధమువలన వేడిమి, ఈ విధముగా ఒకదానికొకటి తోడై పెరుగుచుండును.

ఈ వేడిమికి ముందుగా బలియగునది సాధారణముగా అయస్కాంతము. నియోడిమియము, ఇనుము, బోరాను అను మూలకములు కలిపి చేయు బలమైన అయస్కాంతములు 1980 తరువాతి కొలది సంవత్సరములలో జపానునందును, అమెరికాయందును వెలసినవి. చిన్న మోటారునకు పెద్ద బలము నిచ్చినవి ఇవియే. కాని వీనిలో సామాన్యమైన రకములు 80 డిగ్రీలకు మించిన వేడిమిని ఎక్కువగా ఓర్వలేవు. ఎక్కువ వేడిమిని ఓర్చు రకములు కలవు గాని వానికిని హద్దు కలదు. ఆ హద్దు దాటినచో అయస్కాంతము తన బలములో కొంత కోల్పోవును. మోటారు చల్లారిన తరువాత ఆ బలము తనంతట తిరిగి రాదు.

ఇందొక చిత్రము గలదు. బలము తగ్గిన మోటారును బరువు లేకుండ త్రిప్పి చూచినచో అది మునుపటికంటె వేగముగా తిరుగును. అది చూచి తెలియనివాడు మోటారు బాగుపడినదని సంతోషించును. బరువు మీద పడినప్పుడే నిజము బయటపడును. పూర్వము చేసిన పనినే చేయుటకు అది ఇప్పుడు ఎక్కువ విద్యుత్తును కోరును. ఎక్కువ విద్యుత్తు ఎక్కువ వేడిమిని తెచ్చును. ఆ వేడిమి మిగిలిన బలమును కూడ హరించును. తుదకు చుట్టల తీగలపై పూసిన పలుచని పూత మాడిపోవును. తీగ తీగను తాకును. మోటారు పని అంతటితో సరి.

కావున వేడిమిని తొలగించుటకంటె, అది అధికముగా పుట్టకుండ చూచుటయే మొదటి రక్షణము. మోటారు ఇరుసుకు తగిలించిన చిన్న పళ్లచక్రము పెద్ద పళ్లచక్రమును త్రిప్పును. చిన్నదానికి 15 పళ్లు, పెద్దదానికి 60 పళ్లు ఉన్నచో మోటారు నాలుగు చుట్లు తిరుగగా పెద్ద చక్రము ఒక్క చుట్టు తిరుగును. వేగముపై మోజుచే 15 పళ్ల చక్రమును తీసి 20 పళ్ల దానిని పెట్టినచో మూడు చుట్లకే ఆ పని జరుగవలెను. కారు వేగము పెరుగవచ్చును. మోటారుపై భారము కూడ పెరుగును.  గడ్డిలోను, ఇసుకలోను నడుపువారు చిన్న పళ్లచక్రమునే వాడుట మేలు.

మఱియొక సంగతి. తిరుగుచున్న మోటారు తనలో ఎదురు వోల్టేజిని పుట్టించుకొనును. అది వచ్చెడి ప్రవాహమును అదుపులో నుంచును. చక్రములు రాళ్లలో చిక్కుకొని తిరుగనప్పుడు ఎదురు వోల్టేజి లేదు; ప్రవాహము వెల్లువవలె పైబడును. అట్టి సమయమున మీటను ఇంకను గట్టిగా నొక్కుట అవివేకము. మీటను వదలి, కారును చేతితో తీసి, దారిలో పెట్టవలెను.

ఎంత మితముగా నడిపినను కొంత వేడిమి పుట్టక మానదు. దానిని వెలుపలికి పంపుట రెండవ రక్షణము. తీగచుట్టలు డబ్బా గోడను అంటియుండుట ఇచట మేలైనది. వేడిమి సులభముగా గోడకు చేరును. ఆ గోడపై అల్యూమినియపు రెక్కల తొడుగును బిగింతురు. రెక్కలవలన గాలి తగులు వైశాల్యము పెరుగును. తొడుగు వదులుగా ఉన్నచో నడుమ గాలి పొర నిలిచి వేడిమిని అడ్డగించును. కావున అది డబ్బాను చక్కగా అంటియుండవలెను. దానిపై చిన్న పంకాను అమర్చినచో నిలిచిన వేడిగాలి తొలగి క్రొత్త గాలి వచ్చును. కాని కారుపై కప్పిన ప్లాస్టిక్ చిప్ప అన్ని వైపుల మూసియున్నచో పంకా అదే వేడిగాలిని మరల మరల త్రిప్పుచుండును. గాలి లోనికి వచ్చుటకు ముందువైపునను, వెలికి పోవుటకు వెనుకవైపునను దారి ఉండవలెను.

గాలి చల్లదనము కూడ లెక్కింపదగినది. 80 డిగ్రీల డబ్బాకు 30 డిగ్రీల గాలి తగిలినచో భేదము 50 డిగ్రీలు. రెంటచింతల, రామగుండము వంటి చోట్ల వేసవిలో గాలియే 45 డిగ్రీలైనచో భేదము 35 మాత్రమే. భేదము తగ్గిన కొలది వేడిమి పోవుటయు మందగించును. కావున మండువేసవిలో ఉదయమో సాయంకాలమో నడుపుట ఉచితము.

ఇచటనే అసలైన చిక్కు గలదు. గాలికి తెఱచిన దారి దుమ్మునకును దారియే. మోటారులోనికి చేరిన ఇసుకరేణువు బేరింగులను అరుగదీయును. ఇనుపరజను అయస్కాంతమునకు అంటుకొని, తిరుగు భాగమునకును నిలిచిన భాగమునకును నడుమనున్న సన్నని ఎడములో రాచుకొనును. బ్రష్షులు లేని మోటారు తడిసినంత మాత్రమున సాధారణముగా ఆగదు. కాని నీరు బేరింగులను త్రుప్పు పట్టించును. ఉప్పునీరు మరింత చెఱుపు చేయును. అట్లని అన్ని రంధ్రములను మూసివేసినచో లోపలి వేడిమి బయటికి పోదు. రక్షణము కోరిన చల్లదనము తగ్గును. చల్లదనము కోరిన రక్షణము తగ్గును.

ఈ రెంటికిని పొత్తు కుదుర్చుటయే నేర్పు. నున్నని బాటపై పరుగిడు కారునకు రంధ్రములు గల మోటారు తగును. మట్టిలోను, ఇసుకలోను నడచు కారునకు మూసిన డబ్బా గల మోటారును ఎన్నుకొని, వెలుపల రెక్కలను, పంకాను అమర్చవలెను. చిప్పకు చేసిన గాలిదారులపై సన్నని వలగుడ్డను కట్టవచ్చును. ఆ గుడ్డను తఱచుగా దులుపవలెను. దుమ్ము పట్టిన గుడ్డ గాలిని కూడ ఆపును. తడిసిన మోటారును ఆరబెట్టి బేరింగులకు ఒక చుక్క నూనె వేయవలెను. కాగియున్న మోటారుపై నీరు పోసి చల్లార్చుట తగదు; ఆ నీరు బేరింగులలోనికే చేరును.

ఇన్ని జాగ్రత్తలు ఫలించినవో లేదో కొలిచి తెలిసికొనవలెను. వేడి మోటారును వ్రేలితో తాకి చూచిన చర్మము కాలును. దూరమునుండియే ఉష్ణోగ్రతను తెలుపు చిన్న మాపకములు నేడు దొరకుచున్నవి. ఐదు నిమిషములు నడిపి ఒకసారి కొలువవలెను. తయారు చేసినవారు తెలిపిన హద్దును దాటనీయరాదు. హద్దు తెలియనప్పుడు 80 డిగ్రీలకు లోపలనే ఆపుట క్షేమము. డబ్బా పైభాగముకంటె లోపలి చుట్టలు ఎక్కువ వేడిగా ఉండునని మఱవరాదు. కారు ఆగిన పిమ్మట గాలి ఆగును. లోపలి వేడిమి పైకి వ్యాపించును. అందువలన ఆగిన కొంతసేపటికి డబ్బా వేడిమి పెరిగినట్లు కనబడవచ్చును. ఆగిన తరువాత పంకాను కొన్ని నిమిషములు తిరుగనిచ్చి, మోటారు చల్లారిన పిదప మఱియొక బ్యాటరీని తగిలింపవలెను.

ఇది ఆటవస్తువునకు మాత్రమే చెందిన విద్య కాదు. నేడు వీధులలో తిరుగు అనేక విద్యుత్ స్కూటర్లలోను, తక్కువ విద్యుత్తుతో తిరుగు క్రొత్తరకపు ఇంటిపంకాలలోను బ్రష్షులు లేని మోటార్లే పనిచేయుచున్నవి. వానికిని తీగ ఒకటే, అయస్కాంతము ఒకటే, వేడిమి ధర్మమును ఒకటే. చిన్న కారు మోటారును కాలకుండ కాపాడ నేర్చిన బాలుడు, రేపు పెద్ద యంత్రమును చేతబట్టినప్పుడు దాని శక్తిని మాత్రమే గాక దాని హద్దును కూడ ఎఱిగియుండును. శక్తి నెఱుగుటవలన యంత్రము నడచును. హద్దు నెఱుగుటవలన అది నిలుచును.