బాయిలర్ మంట వేడిని ఎందుకు తగ్గిస్తారు? ఎలా?

గాలిలో 78 శాతం నైట్రోజన్, 21 శాతం ఆక్సిజన్ ఉంటాయి. మామూలుగా ఇవి ఒకదాని జోలికి మరొకటి పోవు. ఫ్యాక్టరీ బాయిలర్‌లో మంట సుమారు 1,500 డిగ్రీల సెల్సియస్ దాటితే మాత్రం రెండూ జోరుగా కలిసి నైట్రోజన్ ఆక్సైడ్లు అవుతాయి. ఆమ్ల వర్షానికీ, నగరాల మీద కమ్ముకునే పొగమంచుకీ ఇవి కారణమవుతాయి.

మరి ఆపేదెలా? బర్నర్‌కు గాలిని విడతలుగా ఇస్తారు. మొదట గాలి తక్కువ కాబట్టి నైట్రోజన్‌కు ఆక్సిజన్ దొరకదు. మిగతా గాలి అందేలోపు మంట కొంత వేడిని నీటి గొట్టాలకు ఇచ్చేస్తుంది. చల్లారిన పొగలో కొంత మళ్లీ మంటలోకి పంపడం ఇంకో ఉపాయం. ఆ పొగ వేడిని పంచుకుంటుంది, ఆక్సిజన్‌ను పలుచన చేస్తుంది.

వేడి మరీ తగ్గితే ఇంధనం పూర్తిగా కాలదు, విషవాయువైన కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. రెంటికీ మధ్య సమతూకం కుదర్చడమే ఇంజినీర్ల నేర్పు.