బీచిలో షికారు... సంతలో బేరం!

సెలవులకని స్పెయిన్‌లోని టొర్రెమొలినోస్ వెళ్తున్నారా? సముద్రం ఒడ్డు దుకాణాల్లోనే పర్సు ఖాళీ చేసుకోకండి. శాన్ మిగేల్ వీధి ముచ్చటగా ఉంటుంది, ఓ సాయంత్రం చూసి రండి. కొనడానికి మాత్రం సీ-1 లోకల్ రైలెక్కండి.

మంగళవారమైతే ఫుయెన్‌హిరోలాలో దిగండి. అక్కడి తిరునాళ్ల మైదానంలో అచ్చం మన సంతే! బట్టలు, చెప్పులు, తోలు సంచులు, పళ్లు... పొద్దున్నే వెళ్లాలి, మధ్యాహ్నానికి సర్దేస్తారు. రద్దీలో హ్యాండ్‌బ్యాగ్ జాగ్రత్త.

రైలు రెండోవైపు వెళ్తే మలగ నగరం. అక్కడి అతరసానాస్ మార్కెట్‌కు ఆదివారం సెలవు. కుంకుమపువ్వు ఎవరికి వద్దు చెప్పండి? కానీ చవగ్గా అమ్మే పసుపుపచ్చ పొడి చూసి మోసపోకండి. అది పయేలా అనే అన్నంలో కలిపే ఉత్త రంగు. పోగులుగా ఉన్నదే, 'లా మంచా' ముద్ర చూసి తీసుకోండి. చిన్న కొట్లు చాలావరకు మధ్యాహ్నం రెండు నుంచి అయిదు దాకా మూసేస్తారు, ఆ వేళ భోజనానికి పెట్టుకోండి.

అసలు సంగతి మరొకటి. బట్టలు, తోలు వస్తువుల ధరలో 21 శాతం పన్ను కలిసే ఉంటుంది. యూరోపియన్ యూనియన్ బయట ఉండేవాళ్లకు అందులో చాలావరకు తిరిగొస్తుంది. ఇంత కొంటేనే ఇస్తామన్న షరతు 2018లోనే తీసేశారు. పాస్‌పోర్టు చూపించి కొట్లోనే 'దివా' ఫారం అడిగి తీసుకోండి. తిరుగు ప్రయాణంలో విమానాశ్రయంలో దాన్ని నమోదు చేయించాలి. కొన్న సరుకు చూపించమంటారు కనుక, సూట్‌కేసు అప్పగించకముందే ఆ పని ముగించండి.