పాత కారుకు కొత్త పట్టు

రాజధాని ప్రాంతంలో వయసు మీరిన స్పోర్ట్స్ కార్లకు చక్రాలు, టైర్లు మార్చడం లెక్కతో కూడిన పని. ఆ ఖర్చు గిట్టుబాటవుతుందా అన్నది మాత్రం చట్టం చేతిలో ఉంది

కరోల్‌బాగ్‌లోనూ కశ్మీరీ గేటులోనూ దుకాణాల ముందు వేలాడే అల్లాయ్ చక్రాల్లో ముందుగా కంటికి ఆనేవి పెద్దవే. సన్నటి ఊచలు, తళతళలాడే అంచులు, 17 అంగుళాలు, 18 అంగుళాలు. పాత కారుకు వాటిని తొడిగితే వయసు పదేళ్లు తగ్గినట్లు కనిపిస్తుంది. మలుపులో పట్టు కూడా అంతే పెరుగుతుందనుకుంటే మాత్రం పొరపాటే. కారును రోడ్డుకు పట్టి ఉంచేది రిమ్ము కాదు, రబ్బరు. అదీ ఒక్కో చక్రం కింద అరచేయంత మేర మాత్రమే.

అసలు సిసలు స్పోర్ట్స్ కార్లు భారతీయ రోడ్ల మీద ఎప్పుడూ తక్కువే. 1990ల చివర్లో వచ్చిన శాన్ స్టార్మ్ లాంటి రెండు సీట్ల కారు అరుదైన ముచ్చట. ఆ లోటు తీర్చినవి కుటుంబ కార్ల వేషంలో వచ్చిన వేగవంతమైన మోడళ్లు. 2000లో 106 హార్స్‌పవర్ ఇంజన్‌తో హోండా సిటీ వీటెక్, మరుసటి ఏడాది 1.6 లీటర్ల ఫియట్ పాలియో జీటీఎక్స్, 2004లో 150 హార్స్‌పవర్ టర్బోతో స్కోడా ఆక్టేవియా ఆర్‌ఎస్ వచ్చాయి. వీటిలో సిటీ ఢిల్లీ పొరుగునే గ్రేటర్ నోయిడాలో తయారైంది. ఇంజన్లు గట్టివి కావడంతో వీటిని ఇప్పటికీ ప్రాణంగా చూసుకునే యజమానులున్నారు. అయితే పాతికేళ్లలో ఇంజన్ కన్నా వేగంగా ముందుకెళ్లింది టైరు. ఆ కార్లకున్న సత్తాను కాస్త ఖర్చుతో బయటికి తీసే మార్గమూ అదే.

మెత్తదనం ఖరీదు

టైరు రెండు రకాలుగా రోడ్డును పట్టుకుంటుంది. మెత్తని రబ్బరు తారు మీది గరుకులోకి దిగి ఒత్తుకుంటుంది. రోడ్డు ఉపరితలానికి కాస్త అతుక్కుంటుంది కూడా. రబ్బరు ఎంత మెత్తనైతే పట్టు అంత ఎక్కువ, ఆయుష్షు అంత తక్కువ. ఈ బేరాన్ని ప్రపంచమంతా చూసింది గ్రేటర్ నోయిడాలోనే. 5.125 కిలోమీటర్ల బుద్ధ్ ఇంటర్నేషనల్ సర్క్యూట్ మీద 2013 అక్టోబర్‌లో జరిగిన చివరి ఇండియన్ గ్రాండ్ ప్రి అది. మెత్తని టైర్లతో రేసు మొదలుపెట్టిన సెబాస్టియన్ వెటెల్ రెండో ల్యాపులోనే పిట్‌లోకి వచ్చి వాటిని విప్పించేశాడు. కాస్త గట్టివైన మీడియం టైర్లు బిగించుకుని వెళ్లి రేసూ గెలిచాడు, నాలుగో ప్రపంచ టైటిలూ అందుకున్నాడు. అన్నిటికన్నా ఎక్కువ పట్టున్న టైరే అన్నిటికన్నా మంచి టైరు కాదని చెప్పడానికి అంతకు మించిన పాఠం అక్కర్లేదు.

రోడ్డు కార్ల విషయంలో ఈ తూకం టైరు గోడ మీదే చాలావరకు రాసి ఉంటుంది. ట్రెడ్‌వేర్ అనే అంకె 400 దాటితే ఎక్కువ కాలం నడిచే గట్టి రబ్బరు. 200, 300 మధ్య ఉంటే మలుపుల కోసం చేసిన మెత్తని రబ్బరు. అంకెలు వేసేది తయారీదారే కాబట్టి ఒక కంపెనీ టైర్లను ఇంకో కంపెనీవాటితో పోల్చడానికి అవి పూర్తిగా పనికిరావు. ఒకే కంపెనీ రకాల మధ్య ఎంచుకోవడానికి చాలు. తడి రోడ్డు మీద పట్టుకు ప్రమాణాలు నిర్ణయిస్తూ కేంద్రం 2022లో కొత్త నిబంధనలు తెచ్చింది. అవి 2022 అక్టోబర్ నుంచి కొత్త డిజైన్లకు, 2023 ఏప్రిల్ నుంచి పాత డిజైన్లకు వర్తించాయి.

చాలామంది చూడని అంకె మరొకటుంది. గోడ మీద నాలుగంకెల తేదీ. 2319 అని ఉంటే 2019లో 23వ వారం తయారైందని అర్థం. అప్పుడప్పుడు మాత్రమే షెడ్డులోంచి బయటికొచ్చే పాత కారుకు టైర్లు అరగవు, ఎండుతాయి. గాళ్లు లోతుగా కనిపిస్తూనే ఉంటాయి కానీ రబ్బరు గట్టిపడి పట్టు తగ్గిపోతుంది. చట్టం అడిగేది 1.6 మిల్లీమీటర్ల గాడి లోతునే, వయసును కాదు. పట్టు పెంచుకోవాలనుకునేవారు మొదట చేయాల్సిన పని అందుకే చాలా చవకైనది: పాత రిమ్ములనే ఉంచుకుని, అదే సైజులో మంచి రకం తాజా టైర్లు నాలుగూ ఒకేసారి మార్చడం.

ఒక అంగుళం చాలు

సైజు పెంచాలంటే లెక్క తప్పకూడదు. రెండు సీట్ల స్పోర్ట్స్ కార్లలో ప్రపంచంలోనే ఎక్కువగా అమ్ముడైనదిగా పేరున్న మజ్దా ఎంఎక్స్-5నే తీసుకుంటే, 1989 నాటి తొలి తరం కారుకు కంపెనీ ఇచ్చిన టైరు 185/60 ఆర్ 14. అంటే వెడల్పు 185 మిల్లీమీటర్లు, గోడ ఎత్తు అందులో 60 శాతం, రిమ్ము 14 అంగుళాలు. మొత్తం వ్యాసం సుమారు 578 మిల్లీమీటర్లు. దాని బదులు 195/50 ఆర్ 15 వేస్తే వ్యాసం 576. తేడా దాదాపు లేనట్టే. టైరు సెంటీమీటరు వెడల్పైంది, గోడ 111 నుంచి 97.5 మిల్లీమీటర్లకు తగ్గింది. మలుపులో గోడ తక్కువగా వంగుతుంది కాబట్టి స్టీరింగ్ తిప్పగానే కారు మాట వింటుంది.

అక్కడితో ఆగకుండా 205/40 ఆర్ 17 వేస్తే? వ్యాసం 596కు చేరుతుంది, మూడు శాతానికి పైగా ఎక్కువ. స్పీడోమీటర్ మునుపటికన్నా తక్కువ చూపిస్తుంది. గేర్లు పొడుగైనట్లై పికప్ తగ్గుతుంది. గోడ 82 మిల్లీమీటర్లే మిగులుతుంది. అన్నిటికీ మించి బరువు. స్ప్రింగుల కింద, అదీ చక్రం అంచున పెరిగే బరువు ఇంజన్‌కూ బ్రేకుకూ షాక్ అబ్జార్బర్‌కూ భారమే. గతుకు మీద ఎగిరిన బరువైన చక్రం మళ్లీ నేలను తాకడానికి సమయం తీసుకుంటుంది. గాల్లో ఉన్న టైరుకు పట్టేముంటుంది? తేలికైన 15 అంగుళాల చక్రం ముందు బరువైన 17 అంగుళాల చక్రం ఓడిపోయేది ఇక్కడే.

టైరు ఎంత బరువు, ఎంత వేగం తట్టుకుంటుందన్నదీ చూడాల్సిందే. 82హెచ్ అంటే ఒక్కో టైరు 475 కిలోలు మోయగలదు, గంటకు 210 కిలోమీటర్లు తట్టుకోగలదు. కొత్త టైరుకు ఈ సంఖ్యలు కంపెనీ ఇచ్చినదానికన్నా తగ్గకూడదు. రిమ్ము లోపలికి, బయటికి ఎంత జరిగి ఉందో చెప్పే ఆఫ్‌సెట్ తేడా వస్తే టైరు మడ్‌గార్డుకు రాసుకుంటుంది, బేరింగు త్వరగా పోతుంది. పట్టు పెరిగేకొద్దీ పాత రబ్బరు బుష్‌లు, బాల్ జాయింట్ల మీద ఒత్తిడి కూడా పెరుగుతుంది. వాటిని ముందుగా మార్చి, వీల్ అలైన్‌మెంట్ చేయించకపోతే ఖరీదైన టైరు ఒకవైపే అరిగిపోతుంది.

ఎండా గుంతా

రాజధాని ప్రాంతం టైరుకు అనువైన చోటు కాదు. మే నెలలో ఉష్ణోగ్రత 45 డిగ్రీలు తాకుతుంది. గాలి వేడెక్కే ప్రతి ఐదున్నర డిగ్రీలకు టైరులో పీడనం సుమారు ఒక పీఎస్‌ఐ పెరుగుతుంది. అందువల్ల గాలి చూసుకోవాల్సింది పొద్దున్నే, కారు కదలకముందు. నిజానికి ఎక్కువ ప్రమాదం తక్కువ గాలితోనే. గోడ పదేపదే వంగి వేడెక్కి చీలుతుంది. 2012లో ప్రారంభమైన 165 కిలోమీటర్ల యమునా ఎక్స్‌ప్రెస్‌వే లాంటి కాంక్రీటు రోడ్ల మీద గంటల తరబడి వేగంగా వెళ్లేవారికి ఇది ప్రాణాలతో చెలగాటం. ఇక వానాకాలంలో నీళ్ల కింద దాగిన గుంతలో పడితే పొట్టి గోడల టైరు ఉబ్బుతుంది, అల్లాయ్ పగులుతుంది. కాస్త ఎత్తున్న గోడే ఇక్కడ బీమా.

పదిహేనుకూ యాభైకీ మధ్య

ఇంత శ్రద్ధగా ముస్తాబు చేసిన కారు రోడ్డెక్కగలదా అన్నదే అసలు ప్రశ్న. 15 ఏళ్లు దాటిన పెట్రోలు కార్లు, పదేళ్లు దాటిన డీజిల్ కార్లు రాజధాని ప్రాంతంలో తిరగరాదన్న జాతీయ హరిత ట్రిబ్యునల్ ఆదేశాలను సుప్రీంకోర్టు 2018 అక్టోబర్‌లో బలపరిచింది. 2025 జులై 1న ఢిల్లీలో అలాంటి వాహనాలకు ఇంధనం ఆపేశారు. నిరసనలతో రెండు రోజుల్లోనే వెనక్కి తగ్గారు. ఆగస్టులో యజమానుల మీద కఠిన చర్యలు వద్దన్న సుప్రీంకోర్టు, డిసెంబర్‌లో ఆ రక్షణను బీఎస్-4, ఆపై ప్రమాణాల వాహనాలకే పరిమితం చేసింది. రాజధాని ప్రాంతానికి బీఎస్-4 వచ్చింది 2010లో. సిటీ వీటెక్, జీటీఎక్స్, ఆర్‌ఎస్ అన్నీ అంతకు ముందువే.

మరోవైపు 2021లో కేంద్రం తెచ్చిన వింటేజ్ వాహనాల నిబంధనలు 50 ఏళ్లు దాటిన వాటికే. దాంతో 15 ఏళ్లకూ 50 ఏళ్లకూ మధ్యనున్న కారు అటు వాహనమూ కాదు, ఇటు వారసత్వమూ కాదు. ఎన్‌ఓసీ తీసుకుని రాజధాని ప్రాంతం దాటించడం, లేదంటే తుక్కు కింద ఇచ్చేయడం. యజమానికి మిగిలేవి ఇవే.

మార్పుల మీదా చట్టం కన్నుంది. తయారీదారు నిర్దేశాలకు విరుద్ధంగా వాహనాన్ని మార్చరాదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. అదే ఏడాది సవరించిన మోటారు వాహనాల చట్టం అక్రమ మార్పు ఒక్కోదానికి ఆరు నెలల దాకా జైలు, లేదా 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ విధిస్తుంది. అదే మోడల్ ఖరీదైన రకానికి కంపెనీ ఇచ్చిన సైజుకు మించకపోవడం అందుకే క్షేమం. అరుదైన సైజుల్లో విదేశీ టైరు దొరకడమూ కష్టమే. 2020 జూన్‌లో కేంద్రం కొత్త టైర్ల దిగుమతి మీద ఆంక్షలు పెట్టింది.

ఇన్ని లెక్కలు వేశాక తేలేది ఒకటే. రిజిస్ట్రేషన్ గడువు దగ్గరపడిన కారుకు పెద్ద చక్రాల మీద పెట్టే డబ్బు అలంకారానికే పోతుంది. తాజా టైర్లకు, కొత్త బుష్‌లకు పెట్టేది మాత్రం మొదటి మలుపులోనే తిరిగొస్తుంది. చట్టం ఆ కారుకు ఎన్నాళ్లిచ్చినా, అన్నాళ్లూ అది రోడ్డును వదలకుండా ఉండాలి కదా.