0.2 మిల్లీమీటర్ల పేచీ

సూరత్‌లో గోడాదరా, లింబాయత్ వైపు మగ్గాల మీద, బట్టల మార్కెట్లలో బతుకు వెళ్లదీస్తున్న తెలుగువాళ్లకు మావా (తంబాకు కలిపిన వక్క), తంబాకు కొత్త కాదు. గుజరాత్ 2012లోనే గుట్కాను నిషేధించింది గానీ నమిలే నోళ్లు ఆగలేదు. అలా నమిలి చిగుళ్లు చెడి పన్ను ఊడితే స్క్రూ పన్ను, అంటే ఇంప్లాంట్, వేయించుకునేవాళ్లూ వీళ్లలో ఉన్నారు. నాలుగేళ్లకు దాని చుట్టూ చిగురు వాచి రక్తం కారితే తెలిసినవాళ్లు ఇచ్చే సలహా ఒకటే: ‘త్రీడీ స్కాన్ తీయించు, అంతా కనబడిపోతుంది.’

అంతా కనబడదు. ఎందుకో అంకెలే చెబుతాయి.

స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్‌లో డాక్టర్ బ్రోనెమార్క్ 1965లో మొదటి రోగికి టైటానియం ఇంప్లాంట్లు బిగించాడు. లోహం ఎముకతో అతుక్కుపోతుందని ఆయన అంతకుముందే జంతువుల మీద ప్రయోగాల్లో గమనించాడు. అతుక్కున్నాక కూడా పైఅంచున ఎముక కొద్దిగా అరుగుతుంది. మొదటి ఏడాది దాటాక ఆ అరుగుదల ఏటా 0.2 మిల్లీమీటర్లకు లోపే ఉండాలని 1986లో ఆల్‌బ్రెక్ట్‌సన్ బృందం గీత గీసింది. ఇప్పుడు డాక్టర్లు పాటించేది 2017 నాటి అంతర్జాతీయ సదస్సు నిర్ణయం. పాత ఎక్స్‌రేలు లేని రోగికి చిగురు సందు 6 మిల్లీమీటర్లు లేదా అంతకన్నా లోతుగా ఉండి, తాకితే రక్తమో చీమో వచ్చి, ఎముక 3 మిల్లీమీటర్లు లేదా ఎక్కువ దిగితే దాన్ని జబ్బు కింద లెక్కేస్తారు.

ఇక కొలిచే యంత్రం సంగతి. పళ్ల త్రీడీ స్కాన్‌ను సీబీసీటీ అంటారు. బొమ్మ మొత్తం వోక్సెల్ అనే చిన్న ఘనాలతో తయారవుతుంది. యంత్రాన్ని బట్టి ఒక్కో ఘనం సుమారు 0.075 నుంచి 0.4 మిల్లీమీటర్ల దాకా ఉంటుంది. సూరత్ చీర మీద బుటా అంచు పోగు కన్నా సన్నగా రాదు, ఇక్కడా అంతే. 0.2 ఘనంతో ఏడాదికి 0.2 అరుగుదలను పట్టుకోవాలంటే ఒక్క పోగు తేడాను కనిపెట్టాలి. స్కాన్ పట్టే పది, ఇరవై సెకన్లలో రోగి గుటక వేస్తే ఆ పోగు కూడా చెదిరిపోతుంది.

అసలు చిక్కు లోహంతోనే. ఎక్స్‌రే కిరణాల్లో బలహీనమైనవాటిని టైటానియం మింగేసి, బలమైనవాటినే అవతలికి వదులుతుంది. కంప్యూటర్ లెక్క అక్కడ తప్పుతుంది. తెరమీద స్క్రూ తెల్లగా మెరుస్తూ ఉన్నదానికన్నా లావుగా కనిపిస్తుంది, దాన్ని ఆనుకుని నల్లటి చారలు పడతాయి. పక్కపక్కన రెండు ఇంప్లాంట్లుంటే మధ్యలో ఆ నలుపు ఇంకా చిక్కన. నిక్షేపంగా ఉన్న ఎముక కూడా అక్కడ కరిగిపోయినట్టే ఉంటుంది. టైటానియం పరమాణు సంఖ్య 22, జిర్కోనియంది 40. తెల్లగా ముచ్చటగా ఉంటుందని జిర్కోనియా ఇంప్లాంట్ ఎంచుకున్నవాళ్లకు ఈ బెడద మరీ ఎక్కువ.

పెదవి వైపు ఎముక గోడ కనీసం 1.5 మిల్లీమీటర్ల మందం ఉండాలని సర్జన్లు కోరుకుంటారు. చాలామందికి అది ఒక మిల్లీమీటరుకు మించదు. 2010లో అచ్చయిన ఒక అధ్యయనంలో ఆవు పక్కటెముకల్లో ఇంప్లాంట్లు బిగించి, స్కాన్ కొలతలను అసలు మందంతో పోల్చారు. 0.125 ఘనం వాడిన యంత్రం నిజానికి దగ్గరగా చెప్పింది. 0.3 ఘనం యంత్రం మాత్రం పల్చటి గోడను తక్కువ చేసి చూపింది. కాబట్టి ‘పెదవి వైపు ఎముక లేదు’ అన్న రిపోర్టు చూసి వెంటనే బెంబేలెత్తనక్కర్లేదు.

అలాగని త్రీడీ దండగ అనను. నోట్లో పెట్టి తీసే చిన్న ఎక్స్‌రే ఇంప్లాంట్‌కు అటూ ఇటూ ఉన్న ఎముకనే చూపుతుంది. పెదవి వైపు, నాలుక వైపు ఏం జరిగినా లోహం వెనక దాగిపోతుంది. గుంట ఎంత వెడల్పు, ఎటు తెరుచుకుంది, ఎముక పొడి నింపితే నిలుస్తుందా అన్నవి తేల్చడానికి త్రీడీకి సాటి లేదు. ఆపరేషన్ ఖాయమైతే తీయించడం సబబే. ఏటేటా చెకప్‌కు మాత్రం అది వద్దనే నా అభిప్రాయం. చిన్న ఎక్స్‌రేతో పడే రేడియేషన్ సుమారు 5 మైక్రోసీవర్ట్లు. సీబీసీటీకి కొన్ని పదుల నుంచి కొన్ని వందలు. ప్రకృతి నుంచి మనిషికి ఏడాదికి అందేది ప్రపంచ సగటున 2,400. భయపడేంత మోతాదు కాదు, ఊరికే తీసుకునేదీ కాదు.

సూరత్‌లో వేయించుకున్న పన్నుకు సొంతూరు వెళ్లినప్పుడు కరీంనగర్‌లోనో సిరిసిల్లలోనో నొప్పి రావచ్చు. అక్కడి డాక్టర్ ముందు పాత ఎక్స్‌రే లేకపోతే ఎముక ఎంత దిగిందో పోల్చి చెప్పే దారి ఉండదు. అందుకే స్క్రూ మీద పైపన్ను (క్రౌన్) బిగించిన రోజున తీసిన ఎక్స్‌రేను అడిగి తీసుకుని, తారీఖుతో సహా ఫోన్‌లో దాచుకోండి. స్కాన్ తీయిస్తే కాగితం మీద ప్రింటుతో సరిపెట్టుకోక, అసలు ఫైలును పెన్‌డ్రైవ్‌లో వేయించుకోండి.